దొంగ కాగితంతో విమానం ఎక్కకండి

2022 ఆగస్టు నెలాఖరున హైదరాబాద్ శివారులో, ఘట్‌కేసర్ దగ్గర రాచకొండ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. పట్టుబడిన నలుగురి మూలాలూ కడప జిల్లాలో ఉన్నాయి. వాళ్ల పని వేలిముద్రలు మార్చడం. కువైట్ ప్రభుత్వం ఒకసారి వెనక్కి పంపించేసిన కూలీలను వెతికి పట్టుకుని, వాళ్ల వేలి కొసల మీద చర్మం కోసి, కుట్లు వేస్తున్నారు. గాయం మానేసరికి ముద్ర కాస్త మారుతుంది. ఆ మారిన ముద్రతో ఆధార్ సరిచేయించుకుని, కొత్త మనిషిలా మళ్లీ కువైట్ వీసాకు పెట్టుకోవాలన్నది పథకం. మనిషికి రూ.25 వేలు తీసుకున్నారు. కనీసం 11 మందికి ఈ కోత జరిగిందని, రాజస్థాన్‌లో, కేరళలో, చివరికి కువైట్‌లోనూ చేశారని అప్పట్లో పోలీసులు వెల్లడించారు. కోసింది సర్జన్ కాదు. ఎక్స్‌రే టెక్నీషియన్ ఒకరు, మత్తు ఇచ్చే విభాగంలో పనిచేసే మనిషి ఇంకొకరు.

ఆ వార్త రెండు రోజులు పత్రికల్లో నడిచి ఆగిపోయింది. ఆగకూడని వార్త అది. పొలం పనికీ, తాపీ పనికీ, ఇంట్లో వంటకూ ఆధారమైన వేళ్లను ఒక మనిషి డబ్బిచ్చి మరీ కోయించుకున్నాడంటే, ఆ మనిషి ఎంత అప్పులో ఉన్నాడో, అతనికి ఎంత అబద్ధం చెప్పారో ఊహించుకోండి. ఆ అబద్ధం ఇప్పటికీ రాయచోటి, రాజంపేట, పులివెందుల, బద్వేలు, ప్రొద్దుటూరు చుట్టుపక్కల పల్లెల్లో తిరుగుతూనే ఉంది. ప్రతిసారీ వేళ్లదాకా రాదు. ఎక్కువసార్లు పుట్టిన తేదీ దగ్గర, పదో తరగతి సర్టిఫికెట్ దగ్గర, వీసా కాగితం దగ్గర ఆగుతుంది. నష్టం మాత్రం అంతే లోతుగా ఉంటుంది.

ఇది పాత సంగతని పక్కన పెట్టకండి. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఎవరో ఒకరు ఈ నెలలో విమానం ఎక్కబోతూనే ఉంటారు.

కడప జిల్లా నుంచి కువైట్‌కు దారి పడి దాదాపు యాభై ఏళ్లవుతోంది. వానలు మొహం చాటేసిన ఏడు, వేరుశనగ కాయ పట్టని ఏడు, మూడో బోరు కూడా ఎండిన ఏడు, బస్సెక్కినవాళ్లలో కొందరు బెంగళూరులో దిగారు, కొందరు చెన్నైలో విమానం ఎక్కారు. ఆ డబ్బుతో ఇళ్లు లేచాయి, ఆడపిల్లల పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు ఇంజనీరింగ్ చదివారు. ఇదంతా నిజం. అందుకే ఎవరినీ పోవద్దనడం లేదు. పోయే హక్కు మీకుంది. సొంత పేరుతో, సొంత వయసుతో, సరైన వీసాతో పొమ్మని మాత్రమే చెబుతున్నాం.

మొదట ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) సంగతి. పదో తరగతి పాస్ కానివాళ్లకు ఇచ్చే పాస్‌పోర్టులో సాధారణంగా ఈసీఆర్ అని ఉంటుంది. కువైట్, సౌదీ, ఖతార్, ఒమన్, బహ్రెయిన్, యూఏఈ సహా 18 దేశాలకు వీళ్లు ఉద్యోగం మీద పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే కేంద్ర ప్రభుత్వ అధికారి అనుమతి ఉండాలి. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం పెట్టిన ఏర్పాటిది. ఊళ్లో దీన్ని ఒక అడ్డంకిగా చూస్తారు. ఏజెంట్లు అలాగే నూరిపోశారు. నిజానికి ఆ అనుమతి వెనుక మీకు పనికొచ్చేవన్నీ ఉన్నాయి. మిమ్మల్ని పనిలో పెట్టుకునే యజమాని ఎవరు, జీతం ఎంత, పని ఏమిటి అన్న ఒప్పందం ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వ్యవస్థలో నమోదవుతుంది. ప్రవాసీ భారతీయ బీమా యోజన వర్తిస్తుంది. రెండేళ్లకు రూ.275, మూడేళ్లకు రూ.375 కడితే చాలు, ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా రూ.10 లక్షలు వస్తుంది. రేపు అక్కడ జీతం ఎగ్గొడితే మన రాయబార కార్యాలయం చేతిలో పట్టుకుని అడగడానికి ఒక కాగితం ఉంటుంది.

ఏజెంటు తప్పించేది ఆ కాగితాన్నే. తప్పించడానికి అతనికి మూడు దార్లు తెలుసు.

మొదటిది దొంగ పదో తరగతి సర్టిఫికెట్. ఎప్పుడూ బడి ముఖం చూడని మనిషి పేరు మీద మార్కుల జాబితా పుడుతుంది. దాంతో పాస్‌పోర్టులో ఈసీఆర్ ముద్ర పడదు, ఎవరి అనుమతీ అవసరం ఉండదు. మనిషి దర్జాగా విమానం ఎక్కుతాడు. పైకి అంతా సాఫీగా జరిగిపోయింది. లోపల జరిగింది ఏమిటంటే, ఒప్పందం నమోదు కాలేదు, బీమా లేదు, అతను ఏ యజమాని దగ్గరికి పోయాడో ప్రభుత్వానికి తెలియదు. దీనికితోడు పాస్‌పోర్టు కోసం తప్పుడు సమాచారం ఇవ్వడం 1967 నాటి పాస్‌పోర్టు చట్టం 12వ సెక్షన్ కింద నేరం. రెండేళ్లదాకా జైలు పడొచ్చు. ఆ దరఖాస్తు మీద సంతకం మీది, ఏజెంటుది కాదు. కేసు పడేది సంతకం పెట్టిన మనిషి మీద.

రెండోది వయసు. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న ఆడవాళ్లు ఆ 18 దేశాల్లో ఇంటి పనికి పోవాలంటే 30 ఏళ్లు నిండాలని కేంద్రం నిబంధన పెట్టింది. కష్టం చెప్పుకునే దిక్కులేని చోట చిన్న వయసు ఆడపిల్ల నలుగురు తెలియని మనుషుల ఇంట్లో చిక్కుకోకూడదన్నది దాని ఉద్దేశం. ఇరవై మూడేళ్ల తల్లిని కాగితం మీద ముప్పై ఒకటి చేస్తే ఆ రక్షణ పోతుంది. మన పల్లెల్లో పుట్టిన తేదీ ఎవరూ రాసిపెట్టుకోలేదు. ఆధార్‌లో ఎంతోమందికి జనవరి 1 అనే ఉంటుంది. ఆ వదులును ఏజెంట్లు వాడుకుంటారు. “ఏంగాదులేక్కా, అందురూ ఇట్లనే పోతాండారు, నువ్వొక్కదానివేనా” అంటారు. ఈ మాట ఎంత మెత్తగా ఉంటుందో అంత నమ్మకూడనిది.

వయసు ఒకసారి పెరిగితే అది అన్నిచోట్లా వెంటాడుతుంది. ఆధార్‌లో పుట్టిన తేదీని మామూలుగా ఒక్కసారే మార్చుకోనిస్తారు. ఆ ఒక్క అవకాశాన్ని అబద్ధానికి ఖర్చు పెట్టేసినవాళ్లు తిరిగొచ్చాక నిజం రాయించుకోవడానికి ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరగాలి. పాస్‌పోర్టులో ఒక తేదీ, ఓటరు జాబితాలో ఒక తేదీ, రేషన్ కార్డులో ఒక వయసు ఉన్న మనిషికి పింఛను దగ్గర ప్రశ్న, బ్యాంకు దగ్గర ప్రశ్న, బీమా దగ్గర ప్రశ్న. పైగా ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని 2023 డిసెంబరులో ఆధార్ సంస్థే స్పష్టం చేసింది, 2024 అక్టోబరులో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. ఆధార్‌లో వయసు మార్చేస్తే అంతా మారిపోతుందని చెప్పే ఏజెంటు మాట ఏ విధంగా చూసినా నిలవదు.

మూడో దారి అన్నిటికన్నా ప్రమాదం. విజిట్ వీసా. చుట్టంచూపుకో, విహారానికో పోతున్నట్టు దుబాయ్‌కో మస్కట్‌కో పంపి, అక్కడ కొన్నాళ్లు ఒక గదిలో ఉంచి, ఆ తర్వాత వేరే దేశానికి పని మీద మళ్లిస్తారు. ఇమిగ్రేషన్ కౌంటర్‌లో ఏం చెప్పాలో ముందే బట్టీ పట్టిస్తారు. అధికారి అనుమానించి నాలుగు ప్రశ్నలు అడిగితే, తిరుగు టికెట్ ఏదీ, దిగే చోటు ఏదీ అంటే, చదువు రాని ఆడమనిషి తడబడుతుంది. ఆఫ్‌లోడ్ చేసి వెనక్కి పంపుతారు. అప్పు చేసి కట్టిన డబ్బు అక్కడే పోతుంది. అయినా వెనక్కి రావడమే అదృష్టమని ఈ వ్యాపారం తెలిసినవాళ్లు ఒప్పుకుంటారు. ఎందుకంటే దాటి పోయినవాళ్లకు అక్కడ చట్టపరంగా ఉనికే లేదు. చూడటానికి వచ్చిన మనిషి పని చేయడమే ఆ దేశంలో నేరం. కొట్టినా, జీతం ఇవ్వకపోయినా పోలీస్ స్టేషన్‌కు పోతే ముందు పట్టుబడేది తనే.

చేతిలో అసలు వీసా ఉన్నా అది ఏ రకమో అడగాలి. కువైట్‌లో ఇళ్లలో పనిచేసేవాళ్లకు ఇచ్చేది ఖాదిమ్ వీసా, 20వ నంబర్ అంటారు. కంపెనీల్లో పనికి ఇచ్చేది షూన్ వీసా, 18వ నంబర్. ఖాదిమ్ వీసా మీద పోయిన మనిషి ఆ ఇంట్లోనే చేయాలి. “ఆజాద్ వీసా, యాడైనా చేసుకోవచ్చు” అని ఎవరు చెప్పినా అలాంటి వీసా ఏదీ కువైట్ చట్టంలో లేదు. డ్రైవర్ ఉద్యోగమని, హోటల్లో పనని చెప్పి ఖాదిమ్ వీసా చేతిలో పెడితే, దిగిన మరునాడు ఎడారిలో మేకల మందో, ఒంటెల కొట్టమో ఎదురవుతుంది. 2024 జులైలో అన్నమయ్య జిల్లాకు చెందిన ఒక వ్యక్తి కువైట్ ఎడారి నుంచి ఏడుస్తూ పంపిన వీడియో రాష్ట్రమంతా చూసింది. ఏజెంటు చెప్పిన పని ఒకటి, అక్కడ అప్పగించింది పశుపక్ష్యాదుల కాపలా. మంత్రి నారా లోకేశ్ జోక్యం చేసుకున్నారు, రాయబార కార్యాలయం కదిలింది, ఆయన ఇంటికి చేరారు. ఒక వీడియో అందరి కంటా పడింది కాబట్టి ఒక ప్రాణం బయటపడింది. ఫోన్ లాగేసుకున్న ఇళ్లలో ఉన్నవాళ్ల వీడియోలు ఎవరికీ రావు.

కువైట్‌లో 2015లో వచ్చిన 68వ నంబర్ చట్టం ఇంటి పనివాళ్ల పాస్‌పోర్టును యజమాని దగ్గర పెట్టుకోకూడదని చెబుతుంది. మన చట్టం ప్రకారమూ పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి. దాన్ని తాకట్టుగా పెట్టుకునే హక్కు అక్కడి యజమాని కఫీల్‌కూ లేదు, కడపలో ఉన్న ఏజెంటుకూ లేదు. అయినా దిగిన రోజే పాస్‌పోర్టు ఇంటి యజమాని బీరువాలోకి పోవడం అక్కడ మామూలైపోయింది. ఆ తర్వాత అకామా (అక్కడి నివాస అనుమతి) రెన్యూవల్ చేయించకపోతే మనిషి తన తప్పేమీ లేకుండానే అక్రమవాసి అవుతాడు. బాధ తట్టుకోలేక ఇల్లు దాటితే పారిపోయినట్టు కేసు పెడతారు. అక్కడి మనవాళ్లు కల్లివెల్లి అనే మనుషులు ఇలా తయారవుతారు. ఆస్పత్రికి పోలేరు, ఇంటికి రాలేరు, తల్లి పోయినా చూడలేరు.

ఇలాంటివాళ్ల కోసం కువైట్ అప్పుడప్పుడూ క్షమాభిక్ష ప్రకటిస్తుంది. 2018లో, 2020లో ఇచ్చింది. 2024 మార్చి 17న మొదలుపెట్టి జూన్ నెలాఖరుదాకా పొడిగించింది. ప్రతిసారీ రాయబార కార్యాలయం ముందు మన జిల్లాల మనుషులు బారులు తీరారు. పాస్‌పోర్టు చేతిలో లేనివాళ్లకు ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇచ్చి పంపుతారు, మనవాళ్లు ఔట్‌పాస్ అంటారు. అది ఇవ్వాలన్నా ఆ మనిషి భారతీయుడేనని, ఫలానా పేరు, ఫలానా ఊరని తేలాలి. దొంగ పేరుతో పోయిన మనిషి అక్కడ ఏం చెప్పగలడు? పాస్‌పోర్టు మీద ఉన్న పేరు చెబితే ఊరిలో ఆ మనిషి లేడు, అసలు పేరు చెబితే ఆ పేరున దేశం దాటిన మనిషి లేడు. చావు విషయంలో ఇది మరీ ఘోరం. అక్కడ ఎవరైనా చనిపోతే శవం ఇంటికి రావడానికి మొదట అడిగేది పాస్‌పోర్టు నంబరే. కాగితం మీద మనిషి, ఇంట్లో ఏడుస్తున్న మనుషుల మనిషి ఒకరేనని రుజువు చేయడానికి వారాలు పడుతుంది. ఇంట్లో కనీసం ఒక జిరాక్స్ ఉంటే ఈ నరకం సగం తగ్గుతుంది. దయచేసి ఈ ఒక్క పనైనా ఈరోజే చేయండి: పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ, వీసా, ఒప్పందం, టికెట్ అన్నీ రెండు జిరాక్స్‌లు తీసి ఇంట్లో ఒకటి, నమ్మకమైన బంధువు దగ్గర ఒకటి పెట్టండి. ఫోన్‌లో ఫొటోలు కూడా తీసి పంపుకోండి.

మళ్లీ వేళ్ల దగ్గరికి వద్దాం. కువైట్ ఇప్పుడు ఒక వేలితో సరిపెట్టుకోవడం లేదు. పది వేళ్లూ, కంటిపాపా, ముఖమూ నమోదు చేస్తోంది. అక్కడ ఉన్న విదేశీయులందరూ 2024 డిసెంబర్ 31లోగా ఈ నమోదు పూర్తి చేసుకోవాలని గడువు పెట్టి మరీ చేయించింది. కోసిన చర్మం కొన్నాళ్లకు మళ్లీ పాత గీతలతోనే పెరుగుతుంది. కన్ను మారదు. వేలు కోయించుకున్న మనిషి రూ.25 వేలు, నెలల సంపాదన, చేతి పట్టు పోగొట్టుకుని, విమానాశ్రయంలోనే దొరికిపోయి, ఈసారి జైలుకు పోతాడు. ఇండియాలోనూ కథ మారింది. 2025 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం ప్రకారం, నకిలీదని తెలిసీ పాస్‌పోర్టునో వీసానో వాడి దేశం లోపలికి వచ్చినా, బయటికి పోయినా, అలాంటివి సరఫరా చేసినా రెండేళ్లకు తగ్గకుండా ఏడేళ్లదాకా జైలు, లక్ష నుంచి పది లక్షలదాకా జరిమానా. కువైట్ నుంచి పంపించేసిన మనిషి ఏం చేయాలంటే, ఎన్నేళ్ల నిషేధం ఉందో రాయబార కార్యాలయం ద్వారా తెలుసుకుని, అది తీరేదాకా ఇంకో దేశమో, ఇక్కడే ఇంకో పనో చూసుకోవాలి. చేదుగా ఉన్నా ఇంతకు మించిన దారి లేదు.

నిజమైన కాగితాలున్నవాళ్లు కూడా చిన్న పొరపాటుతో గేటు దగ్గరే ఆగిపోతున్నారు. ముఖ్యంగా పేరు విషయంలో. మన వైపు ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, ఒకచోట ఒట్టి పొడి అక్షరం. షేక్, సయ్యద్, పఠాన్ ఒక కార్డులో ఉంటుంది, ఇంకో కార్డులో ఉండదు. ఆడవాళ్ల పాస్‌పోర్టుల్లో ఎన్నోసార్లు ఒంటి పేరే ఉంటుంది, ఇంటిపేరు గడి ఖాళీ. 2022 నవంబర్ 21 నుంచి యూఏఈ ఒంటి పేరు పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లను రానివ్వబోమని చెప్పేసింది. తర్వాత, పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరో ఇంటి పేరో ఉంటే ఒప్పుకుంటామంది. కొత్తగా పాస్‌పోర్టుకు పెట్టుకునేవాళ్లు ఇంటిపేరు గడి ఖాళీ వదలకండి. ఆధార్‌లో ఎలా ఉందో, పదో తరగతి సర్టిఫికెట్ ఉంటే అందులో ఎలా ఉందో, పాస్‌పోర్టులో అలాగే, టికెట్‌లోనూ అలాగే ఉండాలి. ఒక అక్షరం తేడా ఉన్నా ముందే సరిచేయించుకోండి, కౌంటర్ దగ్గర సరిచేసేవాళ్లు ఉండరు.

ఇక దేశం లోపలి విమానాల సంగతి. కర్నూలు దగ్గర ఓర్వకల్లులో 2021 మార్చిలో మొదలైన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయం గానీ, 2015 జూన్‌లో మళ్లీ తెరుచుకున్న కడప విమానాశ్రయం గానీ దేశం లోపలి ప్రయాణాలకే. అక్కడ పాస్‌పోర్టు ఉండి తీరాలని లేదు. ఆధార్, ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్స్, పాన్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్, పింఛను కార్డు, విద్యార్థి కార్డు, వికలాంగుల ధ్రువపత్రం లాంటివాటిలో ఒకటి అసలుది ఉంటే చాలు. ఫోన్‌లో అయితే ఎంఆధార్ యాప్‌లోదో డిజీలాకర్‌లోదో చూపాలి. జిరాక్స్ కాపీ గానీ, వాట్సాప్‌లో వచ్చిన ఫొటో గానీ చెల్లదు. ఏ కార్డూ లేని ముసలివాళ్లకు గ్రూప్-ఎ గెజిటెడ్ అధికారి లెటర్‌హెడ్ మీద ఫొటోతో ఇచ్చే గుర్తింపు పత్రం పనికొస్తుంది. అమ్మానాన్నలతో పోయే చిన్న పిల్లలను విడిగా గుర్తింపు అడగరు గానీ, రెండేళ్లలోపు బిడ్డకు టికెట్ తగ్గింపు కావాలంటే వయసు రుజువు దగ్గర ఉంచుకోండి.

పశుపతినాథ్, ముక్తినాథ్ యాత్ర అని నేపాల్‌కు బయలుదేరే కర్నూలు భక్తులకు ఒక మాట. ఖాట్మండు విమానానికి ఆధార్ సరిపోదు. పాస్‌పోర్టు గానీ, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు గానీ ఉండాలి. 15 ఏళ్లలోపు, 65 ఏళ్లు దాటినవాళ్లకు మాత్రం ఆధార్‌తో సడలింపు ఉంది. ఉమ్రాకో హజ్‌కో పోయేవాళ్లు పాస్‌పోర్టు గడువు ప్రయాణం నాటికి కనీసం ఆరు నెలలు మిగిలి ఉందో లేదో టికెట్ కొనకముందే చూసుకోవాలి. తడిసిన పాస్‌పోర్టు, చిరిగిన పాస్‌పోర్టు, ఏజెంటు స్టిక్కర్లు అంటించిన పాస్‌పోర్టు కూడా ఇబ్బందే.

పాస్‌పోర్టు తీసుకోవడానికి ఏజెంటు అవసరమే లేదు. కడపలో, కర్నూలులో పోస్టాఫీసు పాస్‌పోర్టు సేవా కేంద్రాలున్నాయి. మామూలు పాస్‌పోర్టుకు రుసుము రూ.1,500, తత్కాల్‌లో అయితే ఇంకో రూ.2,000. దరఖాస్తు పాస్‌పోర్ట్‌ఇండియా డాట్ గవ్ డాట్ ఇన్‌లోనే పెట్టాలి. అలాగే కనిపించే దొంగ వెబ్‌సైట్లు చాలా ఉన్నాయని విదేశాంగ శాఖే పదేపదే హెచ్చరిస్తోంది. మీ ఊరి సచివాలయంలో చదువుకున్న ఉద్యోగులున్నారు, అడిగి చేయించుకోండి. పిల్లల సంగతి కూడా. 2023 అక్టోబర్ 1న, ఆ తర్వాత పుట్టిన బిడ్డలకు పాస్‌పోర్టు కావాలంటే పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువపత్రం ఒక్కటే చెల్లుతుంది. బిడ్డ పుట్టిన 21 రోజుల్లోగా నమోదు చేయిస్తే ఖర్చు లేదు. ఈరోజు ఆ పని వదిలేస్తే ఇరవై ఏళ్ల తర్వాత ఆ పిల్ల వయసు మళ్లీ ఒక ఏజెంటు చేతిలో పడుతుంది.

పరాయి దేశం పనికి పంపే హక్కు లైసెన్సు ఉన్న రిక్రూటింగ్ ఏజెంటుకే ఉంది. అతను ప్రభుత్వం దగ్గర రూ.50 లక్షల బ్యాంకు గ్యారంటీ పెట్టి ఉంటాడు. మీ దగ్గర తీసుకోగలిగేది గరిష్ఠంగా రూ.30 వేలు, దాని మీద జీఎస్టీ. అది కూడా రసీదుతో. లక్షన్నర, రెండు లక్షలు నగదుగా అడిగే మనిషి ఎవరైనా, మీ చుట్టమైనా, మీ కులం మనిషైనా, నిన్న మొన్న కువైట్ నుంచి వచ్చిన అక్కయినా, చట్టం దృష్టిలో ఏజెంటు కాదు. ఈసీఆర్ పాస్‌పోర్టున్న ఆడవాళ్లను ఇంటి పనికి పంపడమైతే ప్రభుత్వ సంస్థల ద్వారానే జరగాలని 2016 ఆగస్టులో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. మన రాష్ట్రానికి అలాంటి సంస్థ ఓంక్యాప్. ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో లైసెన్సున్న ఏజెంట్ల పేర్లు ఉంటాయి. మీ ఏజెంటు పేరు అక్కడ లేకపోతే ఒక్క రూపాయి ఇవ్వకండి, పాస్‌పోర్టు అసలే ఇవ్వకండి.

పాలకులకూ చెప్పాల్సింది ఉంది. లైసెన్సు లేకుండా మనుషులను పంపినవాడికి 1983 చట్టం వేసే జరిమానా ఇప్పటికీ రూ.2,000 దాకానే. ఒక్క ఆడమనిషిని పంపితే లక్షలు వచ్చే వ్యాపారంలో ఈ జరిమానా ఎవరినీ ఆపదు. రెండేళ్లదాకా జైలు అన్న మాట చట్టంలో ఉంది, కేసు చివరిదాకా నడిపించే పోలీసులు ఉండాలి. ఫిర్యాదు చేసిన ఆడమనిషిని స్టేషన్‌లో ‘నువ్వెందుకు పోయినావు’ అని అడగడం ఆగాలి. ఆ వ్యాపారం చేసినవాడు ఊళ్లో పెద్దమనిషిగా తిరుగుతూ ఆమె ఇంటిముందు నుంచే పోతుంటే ఇంకో ఆడది ఫిర్యాదు చేయడానికి ముందుకు రాదు. కడప, రాయచోటి, రాజంపేటల్లో బయలుదేరే ముందు ఒకపూట శిక్షణ, వీసా తనిఖీ ఉచితంగా ఇచ్చే కేంద్రాలు ఏడాది పొడవునా తెరిచి ఉండాలి. ఎన్నికలప్పుడు గల్ఫ్ కుటుంబాల ఇళ్లకు వచ్చే నాయకులు ఈ ఒక్కటి సాధిస్తే చాలు.

మీ చేతిలో ఉన్న వీసా అసలుదా కాదా, మీ ఏజెంటుకు లైసెన్సు ఉందా లేదా అని కనుక్కోవడానికి ఇంటి నుంచి కదలనక్కర్లేదు. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉచిత నంబర్ 1800 11 3090. మన రాష్ట్ర ప్రవాసాంధ్రుల సంస్థ ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ నంబర్ 0863 2340678. డబ్బు కట్టకముందే, సంతకం పెట్టకముందే, పాస్‌పోర్టు ఇంకొకరి చేతిలో పెట్టకముందే ఈ రెండింటిలో ఒకదానికి ఫోన్ చేయండి.